‘మ’ వస్తే మైకు చక్రధర్ గారిదే

చక్రధర్ గారికి ఒకటే జబ్బు. మీరు ఏ అక్షరం ఇచ్చినా, ఆ అక్షరంతో పేరు మొదలయ్యే జపాన్ పాట ఒకటి పాడతారు. ‘ఇస్తే’ అన్నది నా మర్యాద. మీరు ఇవ్వక్కర్లేదు, మీ నోట్లోంచి జారితే చాలు. ఒకసారి మా కారు స్టార్ట్ అవక, బ్యాటరీకి తగిలించే జంప్ లీడ్స్ ఉన్నాయేమో అడుగుదామని ఫోన్ చేసి "హలో" అన్నాను. అంతే, అవతల ‘హ’ పట్టేసుకున్నారు. వానలో, గొడుగు కింద, డ్యూటీకి ఆలస్యమవుతూ, నేను ఒక చరణం మొత్తం విన్నాను. అయ్యాక, "ఇది ఓడరేవులో కొడుకు కోసం చూసే తల్లి పాటమ్మా. కొడుకు రాడు. జంప్ లీడ్స్ ఉన్నాయి, తెస్తున్నా" అన్నారు. తెచ్చారు కూడా. కారు స్టార్ట్ చేసిపెట్టి, రెండో చరణం కూడా వినిపించి వెళ్ళారు.

మనిషి అమలాపురం. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. డబ్లిన్‌లో అద్దెలు కట్టలేక ములింగార్‌లో ఇల్లు తీసుకుని, పొద్దున్నే చీకట్లో రైలెక్కి పోయి మళ్ళీ చీకట్లో దిగే మా బోటి వాళ్ళలో ఒకరు. ఇక్కడికి రాకముందు చాలా ఏళ్ళు ఒసాకాలో చేశారు. అక్కడ శుక్రవారం వస్తే బాసు టీమునంతా కరావోకేకి తోలుకుపోయేవాడట. పాడనంటే బాసుని అవమానించినట్టు. అక్కడి పాటల పుస్తకంలో పాటలు సినిమాల వారీగా ఉండవట. పేరులో మొదటి అక్షరం ఏదో చూసి వెతుక్కోవాలి.

"అ, క, స, త, న, హ, మ, య, ర, వ. అదండీ వాళ్ళ వరస. వింటున్నారా? మన అక్షరాలకి పెదనాన్న పిల్లలండీ అవి, ఆయ్" అంటారు. బాసు ఏ పేజీ తెరిచినా తడుముకోకుండా, ఒక్కో అక్షరానికి ఒకటి రెండు పాటలు తెలుగులో రాసుకుని బట్టీ పట్టారు. జపాన్ వదిలి ఇన్నేళ్ళయినా ఆ పాటలు మాత్రం ఆయన్ని వదల్లేదు. మమ్మల్నీ వదల్లేదు.

ఆ పాటలు పోనీ హుషారుగా ఉంటాయా అంటే, ఒక్కటీ ఉండదు. అన్నిట్లో వాన పడుతుంది. అన్నిట్లో ఒక ఓడ వెళ్ళిపోతుంది. పాడే ముందు అర్థం చెప్పడం ఆయన రూలు. "ఇది ‘నమిద’ అన్న మాటతో మొదలవుద్దండీ, అంటే కన్నీరు" అంటారు. మర్నాడు "ఇది ‘అమె’తో మొదలవుద్దండీ, అంటే వాన" అంటారు. బయట ఐర్లాండ్ వాన, లోపల జపాన్ వాన. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను.

"ఒక్క పాటలనన్న ఎవరన్న తిరిగొస్తరా అన్నా?"

"జపాన్‌లో తిరిగొస్తే అది పాట కాదమ్మా, రైల్వే టైంటేబులు."

గొంతు గురించి కూడా చెప్పాలి. కళ్ళు గట్టిగా మూస్తారు. పిడికిలి బిగించి ఛాతీ మీద పెట్టుకుంటారు. ప్రతి వాక్యం చివరా గొంతు వణికిస్తారు. పక్కన మత్తు ఇవ్వకుండా పన్ను పీకుతున్నారేమో అనిపిస్తుంది. ఆయన భార్య సుధేష్ణ గారు ఆ సమయంలో చేతిసంచీ తెరిచి ఏదో వెతుక్కుంటూ ఉంటుంది. ఏమీ పోలేదని మా అందరికీ తెలుసు.

ఇదంతా జరిగేది శనివారం మధ్యాహ్నాలు. ఊళ్ళో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళ వెనక గది మేం అద్దెకి తీసుకున్నాం. బుకింగ్, టీ, కుర్చీలు నా బాధ్యత. కరావోకే మెషిన్ మా ఆయన వెంకట్ బాధ్యత. ఆట మనకి తెలిసిన అంత్యాక్షరే. ఒకరి పాట ఏ అక్షరంతో ఆగితే పక్కవాళ్ళు ఆ అక్షరంతో మొదలయ్యే పాట ఎత్తుకోవాలి. తేడా ఏమిటంటే, మ్యూజిక్ పెట్టి, మైకు పట్టుకుని పాడాలి. ఇది మాకు సరదా అనుకునేరు. చలికాలపు దిగులుకి మందు. అక్టోబర్ వచ్చిందంటే ఈ ఊళ్ళో ఆకాశం నెత్తి మీదికి దిగి కూర్చుంటుంది. డిసెంబర్ కల్లా నాలుగున్నరకే చీకటి. పిల్లలు విసుగు, పెద్దలు మూగ. ఆ శనివారం లేకపోతే మాలో సగం మంది గోడలతో మాట్లాడేవాళ్ళం.

ఆ గదికి అసలు పాటగాడు ఎడ్వర్డ్ అన్న. ఒంగోలు మనిషి, ఇక్కడ వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేసేవాడు. ఆదివారం తెలుగు ఫెలోషిప్‌లో కీర్తనలు, శనివారం మా దగ్గర సినిమా పాటలు. సినిమా పాటలు ఐదే వచ్చు ఆయనకి. ఐదూ పాతవే. కానీ ఆ ఐదూ పాడుతుంటే టీ చల్లారిపోయేది, ఎవరూ తాగేవాళ్ళు కాదు. ఐదూ భార్య ఎస్తేరమ్మ వైపు చూస్తూ పాడేవాడు. ఆమె ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. "ఎప్పుడూ అయ్యేనా, ఆరోది నేర్చుకోవయ్యా" అని విసుక్కునేది, వింటూ ఎర్రబడేది.

ఫిబ్రవరిలో, డ్యూటీకి వెళ్ళి కారు దిగుతూనే గుండె ఆగి పోయాడు ఎడ్వర్డ్ అన్న. యాభై కూడా దాటలేదు. సమాధి చేసిన రోజు కూడా వానే. ఐరిష్ వాళ్ళంతా వరసలో వచ్చి, చెయ్యి పట్టుకుని, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని తలొంచుకుని వెళ్ళారు. ఎస్తేరక్క ఒక్కరికీ జవాబు చెప్పలేదు. తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు. డ్యూటీకి వెళ్ళడం, ఇంటికి వచ్చి తలుపు వేసుకోవడం, అంతే. మేం వెళ్తే గొంతులు తగ్గించి, గిన్నెలో పప్పు పెట్టి, పిల్లుల్లా వచ్చేసేవాళ్ళం.

ఏప్రిల్‌లో వాళ్ళమ్మాయి ఫెబి నా దగ్గరికి వచ్చింది. పదహారేళ్ళ పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం పక్కా ములింగార్ ఇంగ్లీషులో వస్తుంది.

"ఆంటీ, మామ్ డజంట్ టాక్. లైక్, ఎట్ ఆల్. కెన్ ఐ బ్రింగ్ హర్ సాటర్డే?"

"తోల్కరా బిడ్డా. అడుగుడేంది?"

తీసుకొచ్చింది. ఎస్తేరక్క తలుపు పక్క కుర్చీలో, కోటు విప్పకుండా, కారు తాళాలు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. మేం మామూలుగా ఉన్నట్టు నటించాం. ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయింది. వార్డు నుంచి ఫోన్ వచ్చిందేమో అనుకున్నాం. నెల దాకా మళ్ళీ రాలేదు. ఫెబి బతిమాలి బతిమాలి మళ్ళీ తెచ్చింది. డ్యూటీ కాక ఆమె బయటికి వచ్చేది ఆ శనివారం పూటే. అదీ మానేస్తే ఆ ఇంట్లో ఆ మనిషి ఏమైపోతుందో అని నాకు భయం.

సరిగ్గా అప్పుడే చక్రధర్ గారి జబ్బు ముదిరింది.

అంతవరకూ ఆయన తన వంతు వస్తేనే పాడేవారు. ఇప్పుడు మంది వంతులు కూడా లాక్కోవడం మొదలుపెట్టారు. పాపం మా వెంకట్‌కి ‘మ’ వచ్చింది. లేచాడు, గొంతు సవరించుకున్నాడు. అంతలో చక్రధర్ గారు రెండు కుర్చీలు దాటొచ్చి మైకు పట్టేసుకున్నారు.

"ఇది ‘మాదో’తో మొదలవుద్దండీ. అంటే కిటికీ. కిటికీ దగ్గర ఒకావిడ..."

"అన్నా, నా వంతు!"

"ఆవిడ ఉత్తరం కోసం చూస్తా ఉంటాది. రాదండి."

పాడేశారు. వెంకట్ ఊరుకోలేదు. "నువ్వు ‘ఉ’ తోటి ఎత్తుకున్నవ్. వచ్చింది ‘మ’. ఇదేం లెక్క?"

"పాట దేంతో మొదలైతే ఏంటండీ, పేరు ‘మ’ కదా. జపాన్‌లో పేరే లెక్క."

"పేరు ‘మ’ అని మాకెట్ల ఎర్క?"

"నేను చెప్తున్నా కదండీ."

ఈ వాదనకి తిరుగులేదు. ములింగార్ మొత్తంలో జపాన్ భాష వచ్చిన మనిషి ఆయనొక్కరే. తర్వాతి వారం ‘న’ లాక్కున్నారు. ఆపై ‘క’. ఎండాకాలం అని ఇక్కడివాళ్ళు పిలిచే ఆ రెండు వారాల్లో కూడా వదల్లేదు. ‘ల’ వస్తే కాళ్ళు చాపుకుని కూర్చునే మనిషి, ‘త’ వస్తే ప్రాణం పోతున్నట్టు పరిగెత్తుకొచ్చేవారు. సాధన చేసుకుని వచ్చిన వాళ్ళు అలిగారు. ఇద్దరు రావడం మానేశారు. మా వెంకట్ ‘మ’ మీద ఒక పాట పెట్టుకుని వేసవంతా బాత్రూంలో పాడాడు కానీ, గదిలో పాడే యోగం కలగలేదు.

నా కోపం వేరు. ఎదురుగా మొగుడు పోయిన మనిషి కోటు కప్పుకుని కూర్చుని ఉంటే, ఈయన ఓడ మునిగింది అంటారు, దీపం ఆరింది అంటారు. ఒక శనివారం ‘త’ పట్టుకుని, సమాధి మీద మంచు పడుతోంది అన్నారు. ఎస్తేరక్క తల వంచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోంది అనుకున్నాను. నా ఒళ్ళు మండిపోయింది.

నవంబర్‌లో ఆయన్ని మా ఇంటికి టీకి పిలిచాను.

"అన్నా, ఒక మాట అంట, ఏమనుకోకు. ఈ వారం నుంచి జపాన్ పాటలు బంద్."

ఆయన కప్పు కింద పెట్టారు. "అన్నీనా అమ్మా?"

"అన్నీ."

"‘మ’ కూడానా?"

"‘మ’కి స్పెషలేంది?"

"పోనీ ఒక పని చేద్దామండి. ఆటలోంచి ‘మ’ తీసేద్దాం."

"‘మ’ తీసేస్తే ఏం మిగుల్తదన్నా? మనం, మీరు, మేము, అందరం పోతం."

"అయితే ‘మ, న, క, త, అ’. ఈ ఐదే తీసేద్దామండి. మిగతావన్నీ ఉంటాయి కదా. ఎంత పెద్ద అక్షరమాల మనది!"

నేను నవ్వలేదు. "ఎస్తేరక్క మొఖం ఎన్నడన్న చూసినవా? ఏడాది గాలె ఆమె మొగుడు పోయి. ఆమె ముంగట సమాధులు, మంచు అని చెప్తవ్. జరంత సోయి ఉండొద్దా? ఆమె ఇంక రాకుంటే ఆ పాపం ఎవరిది?"

ఆయన ముఖం పాలిపోయింది. "సరేనమ్మా జయశ్రీ" అని లేచి, కప్పు కడిగి బోర్లించి, వెళ్ళిపోయారు. ఆ రోజు గుమ్మంలో ఏ అక్షరమూ పట్టుకోలేదు.

ఆ శనివారం వాన గది కప్పు మీద దబదబ కొడుతోంది. హీటర్ చప్పుడు చేస్తోంది కానీ వేడి ఇవ్వడం లేదు. చక్రధర్ గారు చేతులు కట్టుకుని మూల కూర్చున్నారు. ఆయన నోరు మూసుకోవడంతో ఆట సాఫీగా సాగింది. నిజం చెప్పాలంటే చప్పగా సాగింది. సుధేష్ణ గారు సంచీలో వెతుక్కోవడానికి ఏమీ లేక దిక్కులు చూస్తోంది. తిరిగి తిరిగి వెంకట్ దగ్గరికి వచ్చింది ఆట. అక్షరం ‘మ’.

వెంకట్ లేచిన తీరు చూడాలి. ఎన్నాళ్ళ ఆకలి! ఫోన్లో పాట వెతికి పెట్టాడు. వేణువు మొదలైంది.

"వెంకట్ గారూ," చక్రధర్ గారు లేచి నిలబడ్డారు, "అది వద్దండి. ఇంకోటి పాడండి."

"ఎందుకు?"

"బాలేదండీ."

"ఇంకా పాడనే లే కదన్నా!"

"పాడకముందే బాలేదండి."

వెంకట్ మొండిగా మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. చక్రధర్ గారు మైకు లేకుండానే, పిడికిలి గుండె మీద పెట్టుకుని, కిటికీ పాట ఎత్తుకున్నారు. వెంకట్ వాల్యూం పెంచాడు. ఈయన గొంతు పెంచారు. వేణువు, జపాన్, వాన, మా వెంకట్ అరుపు. నేను "అన్నా!" అని కేక వేశాను. ఆయన మెషిన్ వైపు పరిగెత్తారు, తీగ కాలికి చుట్టుకుంది, బల్ల మీది టీ కెటిల్ ఒరిగి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పడింది. టప్పుమంది. ఆ గది వైరింగ్ మా అందరికన్నా పాతది. లైట్లతో సహా అన్నీ పోయాయి.

చీకట్లో ఎవరికీ ఎవరూ కనబడటం లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదని మాటల వల్ల తెలిసింది. అప్పుడు తలుపు వైపు నుంచి, మేం మర్చిపోయిన గొంతు ఒకటి వినిపించింది.

"అన్నయ్యా, ఇంక సాలు. కూర్చోండి. నాకు తెలుసు."

"ఏం తెలుసమ్మా?" అన్నారు చక్రధర్ గారు, నేల మీద నుంచి.

"మ, న, క, త, అ. మా ఆయనకి వచ్చింది ఐదు పాటలేగా. ఆ ఐదిటికీ మీరు అడ్డం పడతన్నారని రెండో వారమే తెలిసింది నాకు. నా మొగుడి పాటలు నాకు తెలవవా?"

వెంకట్ మెల్లగా అన్నాడు. "అంటే... ఏప్రిల్‌ల నువ్వు నడుమల లేచి బయటికి పోయింది..."

"నువ్వు పాడింది ఆయన పాటే తమ్ముడూ. బానే పాడావు. అందుకే ఉండలేకపోయా."

నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "చెప్పొచ్చు గదా అన్నా! చెప్తే మేం ఆ పాటలే ముట్టకపోదుము."

"చెప్తే ఏమవుద్దండీ?" అన్నారాయన. "‘మ’ వచ్చినప్పుడల్లా అందరూ ఆవిడ వంక చూస్తారు. గొంతులు తగ్గిస్తారు. ఆవిడ ఇంక రాదండి. అదే నన్ను చూసి విసుక్కుంటా ఉంటే, ఆవిడ వంక ఎవరూ చూడరు కదా."

నిజంగానే ఎవరం చూడలేదు. అందరూ పాడుకునే పాత పాటలే కాబట్టి, అవి ఎడ్వర్డ్ అన్నవని మాకు తట్టనే లేదు. ఆరు నెలలుగా అందరం ఈయన్నే తిట్టుకుంటున్నాం.

"మరి గా ఏడుపు పాటలెందుకు? గా సమాధులు, గా మంచు?" అన్నాను.

"నాకు వచ్చినవి అవేనమ్మా. మా బాసుకి అవే ఇష్టం. ఏం చెయ్యను?"

చీకట్లో ఎస్తేరక్క నవ్వింది. మొదట దగ్గు అనుకున్నాను. "ఆ సమాధి పాట రోజు నవ్వాపుకోలేక చచ్చాను జయశ్రీ. ఈయన మొహం అట్టా పెట్టి మంచు పడతందంటే... తల వంచుకున్నా గానీ భుజాలు ఆగలా."

"షీ డజ్ యూ ఎట్ హోమ్, అంకుల్," అంది ఫెబి. "విత్ ద ఫిస్ట్ అండ్ ఎవ్రీథింగ్. ఇట్స్ గాస్." అంటే, ఇంట్లో ఆయన్ని అనుకరిస్తుందట, భలే నవ్వొస్తుందట.

"నాతోని చెప్పలేదేందే పిల్లా?"

"నోబడీ ఆస్క్డ్ మీ, ఆంటీ."

వెంకట్ ఫోన్ టార్చి వెలిగించబోయాడు. "వద్దు తమ్ముడూ, ఆర్పు" అంది ఎస్తేరక్క. "లైట్లు రాకముందే పాడేస్తా. ‘మ’ నాకియ్యండి."

పాడింది. మ్యూజిక్ లేదు, మైకు లేదు. ఆమె పాడగా మేం ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ వినే మనిషే ఆమె. గొంతు సన్నంగా, అక్కడక్కడా తెగుతూ వచ్చింది. రెండో చరణంలో ఆగిపోయింది. ఆగిన చోట ఫెబి అందుకుంది. తెలుగులో మంచినీళ్ళు కూడా అడగని పిల్ల, వాళ్ళ నాన్న పాట మాట పొల్లుపోకుండా పాడింది. మళ్ళీ తల్లి కలిసింది. నేను ఏడ్చాను. చీకటి కాబట్టి మా ఆయన కూడా ధైర్యంగా ఏడ్చాడు, ముక్కు చీదడం వినిపించింది.

పాట అయ్యాక క్లబ్బు కాపలా పెద్దాయన టార్చితో వచ్చాడు. పదిమంది చీకట్లో కళ్ళు తుడుచుకుంటూ కనిపించేసరికి కంగారుపడి, "ఆర్ యే ఆల్రైట్?" అన్నాడు. "గ్రాండ్, గ్రాండ్" అని ఇక్కడివాళ్ళ మాటలోనే బావున్నామన్నాం అందరం. ఆయన నమ్మలేదు కానీ ఫ్యూజు వేసిపెట్టాడు.

లైట్లు వచ్చాయి. చక్రధర్ గారి చొక్కా నిండా టీ. ఎస్తేరక్క దగ్గరికి వెళ్ళి టిష్యూ ఇచ్చింది.

"‘మ’ ఇంక నాకు వదిలెయ్యండి అన్నయ్యా. మిగతా నాలుగూ ఇంకొన్నాళ్ళు మీరే చూసుకోండి. వాటికింకా నావల్ల కాదు."

"అలాగేనమ్మా," అన్నారు చక్రధర్ గారు, చొక్కా తుడుచుకుంటూ. "తొందరేం లేదండి."

అప్పటినుంచి న, క, త, అ వచ్చినప్పుడు మేమే మైకు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడుతున్నాం. ఆయన కళ్ళు మూస్తారు, ఓడ వెళ్ళిపోతుంది, వాన పడుతుంది, ఎస్తేరక్క అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతుంది. పోయిన శనివారం ఆయన రెండుసార్లు తుమ్మారు. ఈ చలికి గొంతు పట్టేస్తే ఆ నాలుగు అక్షరాలూ ఎవరు చూస్తారని మా వెంకట్‌కి బెంగ పట్టుకుంది. నిన్న ఆయన దగ్గర ‘క’ పాట ఒకటి తెలుగులో రాయించుకొచ్చాడు. పొద్దున్నించీ బాత్రూం తలుపు వేసుకుని గొంతు వణికించడం సాధన చేస్తున్నాడు. నేను స్నానానికి పోవాలి, కానీ తలుపు కొట్టడం లేదు.